భూమిని కొలిచిన లాంబ్టన్

ఇల్లు కట్టే మేస్త్రీ గోడ నిలువుగా లేస్తున్నదో లేదో చూడటానికి ఒక దారానికి చిన్న ఇనుప గుండు కట్టి వేలాడదీస్తాడు. ఊగడం ఆగిన తరువాత ఆ దారం చూపేదే నిలువు. గోడ వంకర కావచ్చు గాని దారం వంకర కాదని మేస్త్రీ నమ్మకం. రెండు వందల సంవత్సరాల క్రితం బెంగుళూరులో ఒక సైనికాధికారి ఆ దారాన్నే శంకించాడు. అది తిన్నగా వేలాడటం లేదనీ, నేల అడుగున కంటికి కనబడని బరువేదో గుండును పక్కకు లాగుతున్నదనీ ఊహించాడు. ఆయనే విలియం లాంబ్టన్.

నేలను తవ్వకుండా, పైనుంచే పరికరాలతో పరీక్షించి, లోతున ఉన్న రాతి పొరల తీరు తెలుసుకొనే శాస్త్రాన్ని భూభౌతిక శాస్త్రం అంటారు. ఆ పేరు వాడుకలోకి రాకముందే మన దక్షిణాపథంలో ఆ పని మొదలైంది. విచిత్రమేమిటంటే, మొదలుపెట్టినవాడు ఆ పనికోసం రాలేదు.

లాంబ్టన్ ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, నార్తలర్టన్ అనే ఊరికి దగ్గరలోని క్రాస్బీ గ్రేంజ్‌లో పుట్టాడు. పుట్టిన సంవత్సరం 1753 అని కొందరు, 1756 అని కొందరు రాశారు. తల్లిదండ్రులు బీదవారు. పిల్లవాడి తెలివితేటలు చూసి ఇరుగుపొరుగు పెద్దలు నార్తలర్టన్ బడిలో ఉచితంగా చదువుకొనే ఏర్పాటు చేశారు. ఆ తరువాత ఆయన చార్లెస్ హటన్ అనే ప్రసిద్ధ గణితాచార్యుని దగ్గర లెక్కలు నేర్చుకున్నాడు. ఈ హటన్ పేరు గుర్తుంచుకోండి. మళ్ళీ వస్తుంది.

1781లో లాంబ్టన్ సైన్యంలో చేరి అమెరికా వెళ్ళాడు. అక్కడ ఇంగ్లీషువారు యుద్ధంలో ఓడిపోగా ఆయన కొంతకాలం బందీ అయ్యాడు. విడుదలైన తరువాత కెనడా సరిహద్దులలో భూమి సర్వే చేశాడు. అడవుల మధ్య చిన్న ఉద్యోగంలో పదమూడేళ్ళు గడిచిపోయాయి. తోటివారు పదవులలో పైకి పోతుంటే ఆయన గణిత గ్రంథాలు తెప్పించుకొని చదువుకుంటూ కూర్చున్నాడు. ఒకసారి సూర్యగ్రహణాన్ని తగిన జాగ్రత్త లేకుండా చూసినందువల్ల ఒక కంటి చూపు దెబ్బతిన్నది. తరువాతి కాలంలో వేలాది నక్షత్రాలను, కొండ శిఖరాలపై జెండాలను ఆయన ఎక్కువగా రెండవ కంటితోనే చూడవలసి వచ్చింది.

ఆయన పనిచేసే 33వ పటాలం భారతదేశానికి రావడంతో లాంబ్టన్ కూడా వచ్చాడు. 1799లో ఈస్టిండియా కంపెనీ టిప్పు సుల్తాను మీదికి శ్రీరంగపట్నానికి సేనలను నడిపింది. ఆ యుద్ధంలో ఒక రాత్రి బేర్డ్ అనే సేనాని తన దళాన్ని నడిపిస్తూ దారి తప్పాడు. దక్షిణానికి పోతున్నానని అతడి నమ్మకం. వెంట ఉన్న లాంబ్టన్ నక్షత్రాలను చూసి, మనం పోతున్నది ఉత్తరానికి, శత్రువుల శిబిరం వైపుకే అని హెచ్చరించాడు. సేనానికి చుక్కల మాట మీద గురి కుదరలేదు. చివరికి దిక్సూచి చూస్తే లాంబ్టన్ చెప్పినదే నిజమైంది.

ఆ ఏడాది మే 4న శ్రీరంగపట్నం పతనమైంది, టిప్పు మరణించాడు. మైసూరు రాజ్యంలో కొంత భాగం కంపెనీ చేతిలోకి వచ్చింది. కొత్తగా చిక్కిన దేశానికి పటం కావాలి. పన్ను వేయాలన్నా, సైన్యం నడవాలన్నా ఏ ఊరు ఎక్కడ ఉన్నదో తెలియాలి. ఆ ఊళ్ళ సర్వే పని కాలిన్ మెకంజీకి అప్పగించారు. మన కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు సహాయకులుగా ఉండి శాసనాలు, కైఫీయతులు సేకరించినది ఈ మెకంజీ దగ్గరే. లాంబ్టన్ కోరిక వేరు. భూమి గుండ్రంగా ఉన్నా ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకొని ఉంటుంది. ఆ నొక్కు ఎంత? దక్షిణం నుంచి ఉత్తరానికి ఒక పొడుగాటి గీత వెంబడి భూమిని కొలిస్తే అది తేలుతుంది. పటం కావాలన్న దొరలకు పటం చూపించి, ఈ పని కూడా చేయాలని ఆయన ఆలోచన. తన పటాలం అధిపతి ఆర్థర్ వెల్లెస్లీ ద్వారా మదరాసు ప్రభుత్వానికి ప్రతిపాదన పంపాడు. 1800లో అనుమతి దొరికింది.

కొలిచే పద్ధతి త్రికోణమితిలోనిదే. ఒక త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగిలిన రెండు భుజాలు లెక్కకట్టవచ్చు. ఆ భుజాల మీద కొత్త త్రిభుజాలు, వాటి మీద మరికొన్ని. అలా కొండనుంచి కొండకు చూస్తూ దేశమంతా అల్లుకుపోవచ్చు. నేలమీద నిజంగా కొలవవలసింది మొదటి భుజమే. దానిని ఆధార రేఖ అంటారు. ఆ మొదటి భుజంలో తప్పు పడితే అది దేశం చివరిదాకా వస్తుంది. అందుకని దానికోసం పడే తిప్పలు అన్నీ ఇన్నీ కావు.

లాంబ్టన్ తన మొదటి ఆధార రేఖకు బెంగుళూరు దగ్గరి మైదానాన్ని ఎంచుకున్నాడు. వంద అడుగుల ఉక్కు గొలుసు దొరికింది. అది చైనా చక్రవర్తికి కానుకగా ఇంగ్లాండునుంచి వెళ్ళి, అక్కడ అక్కరలేదనిపించుకొని, చేతులు మారి కలకత్తా చేరిన గొలుసు. ఎండకు ఉక్కు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. అందుకని గొలుసును చెక్క పెట్టెలలో పరచి, పక్కన ఉష్ణమాపకాలు ఉంచి, వేడిని గుర్తు చేసుకుంటూ కొలిచారు. 1800 అక్టోబరు 14న మొదలైన పని డిసెంబరు 10న ముగిసింది. కొలిచినది ఏడున్నర మైళ్ళకు కాస్త తక్కువ, అంటే దాదాపు 12 కిలోమీటర్లు. 57 రోజులలో గొలుసును 390 సార్లకు పైగా పరచి ఎత్తారు. ఆ పెట్టెలు మోసినవారి పేర్లు, జెండాలు పట్టుకొని కొండలమీద నిలబడినవారి పేర్లు చరిత్రలో మిగలలేదు.

1802లో మదరాసు దగ్గర పరంగికొండ కింద రెండవ ఆధార రేఖను కొలిచి, అక్కడినుంచి త్రిభుజాలు అల్లుకుంటూ పడమటికి వచ్చారు. 1804లో బెంగుళూరు దగ్గర మళ్ళీ గొలుసు వేసి సరిచూశారు. త్రిభుజాల లెక్కకు, గొలుసు కొలతకు వచ్చిన తేడా 3.7 అంగుళాలు. మదరాసు నుంచి బెంగుళూరుదాకా వచ్చిన లెక్కలో నాలుగు అంగుళాల తేడా కూడా రాలేదు! ఆ కొలత నడిపిన సహాయకుడు వారెన్ మరొక విధంగా కూడా మనకు తెలిసినవాడే. 1802లో కోలారు ప్రాంతంలో బంగారం దొరుకుతున్నదని విని పరీక్షించి రాసినవాడు ఆయనే. లాంబ్టన్ కొలతలలో దక్షిణాపథం వెడల్పు కూడా తేలింది. పాత పటాలలో తూర్పు తీరానికీ పడమటి తీరానికీ మధ్య 400 మైళ్ళని ఉండేది. అది 360 మైళ్ళే. పటంలోని దేశం ఒక్కసారిగా 40 మైళ్ళు చిక్కిపోయింది. అయినా మదరాసులో ఒక ఖజానా అధికారికి ఈ ఖర్చు దండగ అనిపించింది. శ్రీరంగపట్నం పోవాలంటే పల్లకీ బోయీలకు చెబితే వారే తీసుకుపోతారు కదా, దీనికి సర్వే ఎందుకని అతడి వాదం.

ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాం.

త్రిభుజాలు నేలమీది దూరాన్ని చెబుతాయి. ఆ దూరం భూగోళం మీద ఎన్ని డిగ్రీలో తెలియాలంటే నక్షత్రాలను చూడాలి. సరిగ్గా నడినెత్తిన వచ్చే నక్షత్రాన్ని బట్టి ఆ చోటి అక్షాంశం తేలుతుంది. నడినెత్తి ఏదో చెప్పేది ఎవరు? వేలాడే గుండే. లాంబ్టన్ దగ్గర ఐదడుగుల దూరదర్శిని అమర్చిన పరికరం ఉండేది. దానికి నిలువు చూపేది సన్నని దారానికి వేలాడే గుండు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకొని ఉన్నది కాబట్టి ఉత్తరానికి పోయేకొద్దీ ఒక్కొక్క డిగ్రీ నిడివి కొంచెం కొంచెంగా పెరగాలి. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 110.6 కిలోమీటర్లు, ధ్రువాల దగ్గర సుమారు 111.7 కిలోమీటర్లు.

1805, 1806 ప్రాంతంలో బెంగుళూరు దగ్గర దొడ్డగుంటలో నక్షత్రాలను చూసి లెక్కలు వేస్తే డిగ్రీలు పెరగవలసిన తీరున పెరగలేదు. దొడ్డగుంట ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. అప్పుడది ఊరి బయట చదును నేల. లాంబ్టన్ పరికరాన్ని పరీక్షించాడు. లోపం లేదు. లెక్కలు తిరగవేశాడు. తప్పు లేదు. గొలుసు కొలత ఎంత గట్టిదో ముందే చూశాం. ఇటువంటి వేళ ఎవరికైనా ఒక ఆశ పుడుతుంది. తేడా అతి స్వల్పం, సెకన్ల లెక్క. డిగ్రీలో 3600వ వంతును సెకను అంటారు. కాస్త సర్దితే అడిగేవారు లేరు, ఆ కొలతను మళ్ళీ చేసి చూడగలవారు ఈ దేశంలో లేరు. పైగా తన ప్రతిపాదనను వ్యతిరేకించేవారు మదరాసులో కాచుకొని ఉన్నారు. లెక్క కలవలేదని తెలిస్తే వారి చేతికి కర్ర ఇచ్చినట్లే. లాంబ్టన్ సర్దలేదు. పావగడ వంటి ఇతర స్థలాలలో కూడా నక్షత్రాలను చూశాడు. వాటితో పోల్చి చూస్తే దొడ్డగుంటలోనే ఏదో ఉన్నదని తేలింది. ఆ తేడాను ఉన్నదున్నట్లుగా రాసి, దానికి ఒక కారణం ఊహించాడు. నేల అడుగున దగ్గరలో ఎక్కడో మిగతా రాతికన్న బరువైన పొరగాని, లోహపు ఖనిజంగాని ఉండి గుండును తనవైపు లాగుతున్నదని చెప్పాడు.

ఈ ఊహ ఆయనకు ఊరికే రాలేదు. ప్రతి వస్తువూ ప్రతి వస్తువునూ ఆకర్షిస్తుందని న్యూటన్ చెప్పాడు కదా. పెద్ద కొండ పక్కన వేలాడదీసిన గుండు కొండవైపు కొంచెం ఒరుగుతుంది. 1774లో స్కాట్లాండులోని షిహాలియన్ అనే కొండ దగ్గర మాస్కెలైన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు దానిని నిజంగా కొలిచాడు. ఆ కొలతలనుంచి భూమి సాంద్రతను లెక్కకట్టినవాడు లాంబ్టన్ గురువు చార్లెస్ హటన్! కాని స్కాట్లాండులో కొండ కంటి ఎదుట ఉన్నది. దొడ్డగుంట దాపున అటువంటి పర్వతం ఏదీ లేదు. పైన ఏమీ లేనప్పుడు కారణం కిందనే ఉండాలి. నాకు లాంబ్టన్ జీవితంలో అన్నిటికన్న గొప్పదిగా తోచే ఘట్టం ఇదే.

గుండు ఒరగడం ఎంత సన్ననిదో చూడండి. బరువైన రాయి ఉత్తరాన ఉన్నదనుకుందాం. గుండు అటు ఒరుగుతుంది. అప్పుడు నడినెత్తి అని మనం అనుకొనే చోటు దక్షిణానికి జరుగుతుంది. అక్షాంశం ఉన్నదానికన్న తక్కువగా కనబడుతుంది. ఐదడుగుల దారం ఐదు సెకన్లు ఒరిగితే దాని కొస జరిగేది మిల్లీమీటరులో 27వ వంతు మాత్రమే. తలవెంట్రుక మందం కూడా ఉండదు. అయితే ఆ ఐదు సెకన్లు నేలమీద 150 మీటర్లకు పైగా తప్పు చూపిస్తాయి.

కర్ణాటకలో చదువుకొనే మీకు ఇక్కడి రాళ్ళు పరిచయమే. లాల్‌బాగ్‌లోని బండ మీదికి ఎక్కనివారు తక్కువ. అది నైస్ అనే రాయి. దాని వయస్సు దాదాపు 300 కోట్ల సంవత్సరాలు. నీటికి సుమారు 2.7 రెట్లు బరువు. కోలారులో బంగారం దొరికిన నల్లరాయి అటువంటిది కాదు. నీటికి 2.9 రెట్లనుంచి 3 రెట్లదాకా తూగుతుంది. పైకి చూస్తే అన్నీ బండలే. గుండుకు మాత్రం ఆ తేడా తెలుస్తుంది. కోలారు గనులు 3 కిలోమీటర్లకు పైగా లోతు పోయి 2001లో మూతపడ్డాయి. మనిషి దిగగలిగిన లోతు ఇంచుమించుగా అంతే. అంతకన్న కింద ఏమున్నదో తెలియాలంటే లాంబ్టన్ గుండువంటి దూతలను పంపవలసిందే.

లాంబ్టన్ పట్టుకున్న ఈ చిక్కు ఎక్కడిదాకా పోయిందో ఇక్కడే చెప్పుకోవడం మంచిది. ఆయన తరువాత జార్జి ఎవరెస్టు ఆ గీతను హిమాలయాల అంచులదాకా పొడిగించాడు. మధ్యప్రదేశ్‌లోని కల్యాణపూర్‌కు, ఉత్తరప్రదేశ్‌లోని కలియాణాకు మధ్య త్రిభుజాల లెక్కకు, నక్షత్రాల లెక్కకు 5 సెకన్లకు పైగా తేడా వచ్చింది. కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే క్రైస్తవ మతాచార్యుడు గణితంలో దిట్ట. హిమాలయాలు గుండును ఎంత లాగాలో 1855 నాటికి ఆయన లెక్కవేశాడు. దాదాపు 16 సెకన్లు రావాలి. వచ్చింది అందులో మూడవ వంతు. అంత పెద్ద పర్వతాలు అంత తక్కువగా లాగడం ఏమిటి? ఎయిరీ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఇలా వివరించాడు. నీటిలో తేలే మంచుగడ్డకు పైన కనబడే భాగం కొంచెం, మునిగి ఉన్నది ఎక్కువ. అలాగే పర్వతాల అడుగున తేలికైన రాతి వేళ్ళు లోతుకు దిగి ఉన్నాయి. ఆ లోతున ఉండవలసిన బరువైన రాతి చోటును అవి ఆక్రమించాయి, అందువల్ల ఆకర్షణ తగ్గింది. దొడ్డగుంటలో ఉన్న బరువు కనబడలేదు. హిమాలయాలలో కనబడిన బరువంతా తూగలేదు. రెండు చోట్లా దారమే సాక్షి.

పిమ్మట లోలకాలు వచ్చాయి. ఆకర్షణ ఎక్కువైన చోట లోలకం త్వరగా ఊగుతుంది. 1865 నుంచి బాసెవి అనే అధికారి లాంబ్టన్ గీత వెంబడి లోలకాలు మోసుకొని దక్షిణానికి వచ్చి, తరువాత హిమాలయాలకు వెళ్ళి 1871లో లడఖ్ చలిలో ప్రాణాలు విడిచాడు. 1961లో హైదరాబాదులో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ వెలిసింది. ఆ సంస్థవారు 1970 తరువాతి దశకంలో సోవియట్ శాస్త్రజ్ఞుల సహాయంతో మన నెల్లూరు జిల్లా కావలి నుంచి కర్ణాటకలోని ఉడుపిదాకా, తీరంనుంచి తీరానికి సుమారు 600 కిలోమీటర్ల గీత వెంబడి పరీక్షలు చేశారు. నేలలో మందుగుండు పేల్చి, ఆ ప్రకంపనలు లోపలి పొరలకు తగిలి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని కొలిచారు. బావిలో రాయి వేసి చప్పుడును బట్టి నీటి లోతు ఊహించడంవంటిదే. ఈ ప్రాంతంలో భూమి పైపొర అడుగు 35 నుంచి 40 కిలోమీటర్ల లోతున ఉన్నదని తేలింది. బెంగుళూరుకు ఉత్తరాన గౌరిబిదనూరులో 1965 నుంచి భూకంప తరంగాలను పట్టే కేంద్రం పనిచేస్తున్నది.

ఇవేవీ లాంబ్టన్ చూడలేదు. ఆయన దొడ్డగుంట తేడాను రాసిపెట్టి దక్షిణానికి సాగిపోయాడు. 1808లో తంజావూరు చేరాడు. చుట్టూ చదును నేల, కొబ్బరి తోటలు. దూరం చూడటానికి పెద్ద గుడి శిఖరం తప్ప ఎత్తయిన చోటు లేదు. అర టన్ను బరువున్న థియోడొలైటును మోకులతో పైకి లాగుతుండగా మోకు తెగింది. పరికరం గోడకు కొట్టుకొని దాని పెద్ద ఇత్తడి చక్రం వంగిపోయింది. ఆ థియోడొలైటు ఇంగ్లాండునుంచి వస్తుండగా ఫ్రెంచివారు ఓడతోపాటు పట్టుకొని మారిషస్ తీసుకుపోయి, శాస్త్ర పరికరమని తెలిసి గౌరవంగా తిరిగి పంపినది. శత్రువు చేతిలో చెడనిది గుడి గోడకు తగిలి చెడింది. మరొకటి తెప్పించాలంటే ఏళ్ళు పడుతుంది. లాంబ్టన్ ఎవరినీ నిందించలేదు. గుడారంలో తలుపు వేసుకొని కూర్చుని, పరికరాన్ని ముక్కలుగా విప్పి, వంగిన చక్రాన్ని కొంచెం కొంచెంగా లాగుతూ గుండ్రని ఆకారానికి తెచ్చాడు. ఆరు వారాలు పట్టింది. అది మళ్ళీ పనిచేసింది.

1809లో కన్యాకుమారి దాపుకు చేరి, ఉత్తరానికి తిరిగాడు. 1811లో అనంతపురం జిల్లా గుత్తి దగ్గర ఒక ఆధార రేఖ, 1815లో బీదరు దగ్గర మరొకటి కొలిచాడు. హైదరాబాదు ఆయనకు మకామైంది. 1817లో లండన్ రాయల్ సొసైటీ సభ్యుడిగా ఎన్నుకొన్నది. 1818 జనవరి 1 నుంచి ఆయన పనికి భారతదేశపు మహా త్రికోణమితి సర్వే అని పేరు వచ్చింది. ఆ సంవత్సరమే ఎవరెస్టు సహాయకుడుగా హైదరాబాదులో చేరాడు. కృష్ణా, గోదావరుల మధ్య అడవులకు పంపితే అక్కడి జ్వరాలు ఆ యువకుణ్ణి మంచాన పడవేశాయి. అతడు కోలుకోవడానికి ఆఫ్రికా దక్షిణ కొసకు పోవలసి వచ్చింది. లాంబ్టన్‌కు అప్పటికి ఏళ్ళు డెబ్బైకి దగ్గరపడుతున్నాయి. ఇరవై ఏళ్ళకు పైగా గుడారాలలో బతికిన ఆ ముసలి మనిషి తలపెట్టిన పనిని వదలలేదు.

1822 చివర హైదరాబాదు నుంచి నాగపూరుకు బయలుదేరాడు. దారిలో రొమ్ము జబ్బు ముదిరింది. 1823 జనవరి 20న వార్ధా దగ్గర హింగన్‌ఘాట్ అనే ఊళ్ళో మరణించాడు. ఆయన సమాధి అక్కడే ఉన్నది. అప్పటికి ఆయన కొలిచిన గీత కన్యాకుమారి దాపునుంచి బీదరు దాటేదాకా పది డిగ్రీలు వచ్చింది. త్రిభుజాలు సుమారు 1,65,000 చదరపు మైళ్ళ మీద పరచుకున్నాయి. పని ఎవరెస్టు చేతికి వచ్చింది. తంజావూరులో దెబ్బతిని, గుడారంలో బాగుపడిన ఆ థియోడొలైటుతోనే అతడు మరికొన్నేళ్ళు ఉత్తరానికి కొలుచుకుంటూ పోయాడు.